యజమానికి ప్రతినిధి లేడు

పూర్వమీమాంస, అంటే వేదవాక్యాల అర్థాన్నీ వాటిలో విధించిన కర్మల స్వరూపాన్నీ నిర్ణయించే దర్శనం, యజ్ఞాన్ని గురించి లేవనెత్తిన ఒక ప్రశ్న యజ్ఞశాల దాటి చాలా దూరం వస్తుంది. స్వర్గం కోరి యాగానికి పూనుకొనేవాడు యజమాని. ఆహుతులు వేల్చేదీ, ఋక్కులు చదివేదీ, సామాలు పాడేదీ ఋత్విక్కులు. చేతులు ఒకరివై ఫలం మరొకరిది కావడం ఎట్లా న్యాయమవుతుంది? ఈ దర్శనానికి మూలమైన జైమిని సూత్రాల మూడవ అధ్యాయం ఈ సందేహాన్ని తీరుస్తూ, ఫలం కర్మను పూనుకొని నడిపించేవాడిదేనని, అంగకర్మలను, అంటే ప్రధానకర్మకు తోడ్పడే పనులను, దక్షిణతో కుదుర్చుకున్నవారి చేత చేయించవచ్చునని, అయితే ద్రవ్యం మీద తన స్వత్వాన్ని, అనగా సొంతదారు హక్కును, వదులుకొనే త్యాగం మాత్రం యజమాని స్వయంగా చేయవలసిందేనని నిర్ణయించింది. ఆరవ అధ్యాయం ఇంకొక అడుగు ముందుకు వేసి, వడ్లు దొరకనప్పుడు నివ్వరి గింజలు వాడవచ్చు గాని యజమానికి బదులు మరొకరిని నిలబెట్టడం కుదరదని చెప్పింది.

ప్రజల ఆరోగ్య రక్షణను ప్రభుత్వం ఒప్పందం మీద ప్రైవేటు ఆసుపత్రులకు అప్పగించినప్పుడు తలెత్తే ప్రశ్న కూడా ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ దీనికి తెలుగువారందరూ ఎరిగిన ఉదాహరణ. పేద కుటుంబంలోని రోగి నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో నమోదైన ప్రైవేటు లేదా ప్రభుత్వ ఆసుపత్రికి, వెళితే అక్కడి ఆరోగ్యమిత్ర కార్డు చూసి వివరాలు పంపుతారు. ప్రభుత్వం ఏర్పరచిన ట్రస్టు తరఫు వైద్యులు పరిశీలించి ముందస్తు అనుమతి ఇస్తారు. చికిత్స అయ్యాక ఆ చికిత్సకు ప్యాకేజీగా ముందే కట్టిన ధర ఆసుపత్రికి చేరుతుంది. కత్తి పట్టేది ఒకరు, ఖర్చు పెట్టేది మరొకరు అయిన ఈ ఏర్పాటులో స్వతహాగా అధర్మమేమీ లేదు. పని కుదుర్చుకోవడాన్ని మీమాంసకులు పరిక్రయం అన్నారే గాని తప్పు అనలేదు, మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పెద్దాసుపత్రి ఖాళీ అయ్యే దాకా గుండె జబ్బు ఆగదు కూడా.

అయితే పరిక్రయానికి ఒక కట్టుబాటు ఉంది. దక్షిణ దానం కాదని, ఋత్విక్కును పనికి అనుకూలుణ్ణి చేసే వేతనమని పదవ అధ్యాయంలోని నిర్ణయం. జ్యోతిష్టోమ యాగంలో పదహారుగురు ఋత్విక్కులకు 112 గోవులని లెక్క కట్టడం, వాటిని ఎవరి భాగానికి ఎన్నో పంచడం అందుకే. బకాయిలు చెల్లించనందుకు సేవలు నిలిపివేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రకటించడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగింది, అప్పుడల్లా ఆ వివాదాన్ని పద్దుల తగాదాగా చూడడం అలవాటైపోయింది. నిజానికి అది అధికారానికి సంబంధించిన విషయం, ఎందుకంటే ఋత్విక్కును ఆజ్ఞాపించే అర్హత యజమానికి దక్షిణ వల్లనే వస్తుంది. నెలల తరబడి చెల్లించని ప్రభుత్వం, రోగి దగ్గర అదనంగా వసూలు చేసిన ఆసుపత్రిని మందలించబోతే ఆ మందలింపులో బలం ఉండదు.

ఫలం విషయంలో ప్రభుత్వాలకు సందేహమే లేదు. పథకం పేరు రాజీవ్, ఎన్టీఆర్, వైఎస్సార్ అని అధికారంతో పాటు మారుతూ వచ్చింది, కార్డు మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దానికి చికిత్సల జాబితాకున్నంత ప్రాముఖ్యం దక్కింది. లోపం జరిగినప్పుడు మాత్రం వేలు ఆసుపత్రి వైపు తిరుగుతుంది. మీమాంసలో ఈ వెసులుబాటు లేదు: కామ్యకర్మలో, అంటే ఒక కోరికతో చేసే కర్మలో, అంగం లోపిస్తే దక్షిణ తీసుకున్నవాడి స్వర్గం పోదు, యజమాని స్వర్గమే పోతుంది. ఇక నిత్యకర్మ, అంటే చేసి తీరవలసినది, శక్తి కొద్దీ చేస్తే చాలు గాని మానితే దోషం. రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటి అన్నప్పుడు దాన్ని నిత్యకర్మల వరుసలో చేర్చినట్లే. పశ్చిమ బెంగాల్‌లో 1992లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోకపోగా చివరికి ప్రైవేటు ఆసుపత్రే చేర్చుకొన్న కేసులో, డబ్బు లేదన్న కారణం రాజ్యాన్ని ఈ విధి నుంచి విడిపించదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. శక్తి కొద్దీ అన్న మాటకు అంగాలను తగ్గించుకోవచ్చుననే గాని ప్రధానాన్నే వదిలిపెట్టవచ్చునని అర్థం కాదు.

పోలిక ఇంతవరకు చక్కగానే నడిచి రోగి దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. యాగంలో ఎవరిని ఉద్దేశించి ద్రవ్యాన్ని వదులుతారో ఆ దేవత, మీమాంసకుల దృష్టిలో, శరీరం ధరించి వచ్చి భుజించేది కాదు. అనుగ్రహించేది అంతకన్నా కాదు. పేరు ఉచ్చరిస్తే ఆమె పని తీరిపోతుంది. ఒప్పంద వైద్యంలో రోగి చాలా తేలికగా ఈ స్థానానికి జారిపోతాడు. అనుమతి సంఖ్యగా, ప్యాకేజీ పేరుగా ఉచ్చరించబడి, ఆ ఉచ్చారణతో ట్రస్టు పనీ ఆసుపత్రి పనీ పూర్తయి, రోగం జాబితాలో ఉన్న పేరుతో సరిపోలకపోతే అతడికి ఉద్దేశం కూడా లేకుండా పోతుంది. దేవతకు ఆకలి లేకపోవచ్చు గాని రోగికి నొప్పి ఉంది.

అసలు అతడు దేవతా కాదు. తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చే విశ్వజిత్ యాగంలో రాజు భూమిని ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నకు, భూమి అందరిదీ, రాజు దానికి రక్షకుడే గాని స్వామి కాడు కనుక ఇవ్వలేడని శాస్త్రం సమాధానం చెప్పింది. ఖజానాకూ ఆ సమాధానమే వర్తిస్తుంది: సబ్బుబిళ్ళ కొన్న ప్రతిసారీ పన్ను కట్టినవాడి సొమ్మును ప్రభుత్వం తనదిగా త్యాగం చేయలేదు. అటువంటప్పుడు ఈ యాగం సత్రయాగానికి దగ్గరవుతుంది. అందులో పాల్గొనేవారందరూ యజమానులే కనుక ఒకరికొకరు దక్షిణ ఇచ్చుకోరు, ఫలం అందరికీ సమానం. ఆరోగ్యమిత్ర బల్ల ముందు కార్డు పట్టుకొని, అనుమతి వచ్చిందో లేదోనని నిలబడ్డవాడు ఆ యజమానుల్లో ఒకడు. అనుమతి రానప్పుడు ఎందుకు రాలేదో అతడికి చెప్పవలసినవారెవరో ఒప్పందంలో రాసుకోవడం సాధ్యమే, కానీ ఆసుపత్రి గుమాస్తా నోట ఆ మాట వినిపించినంత మాత్రాన చెప్పవలసిన బాధ్యత గుమాస్తాది కాజాలదు.