తోడబుట్టినవి ఏమయ్యాయి?

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్ళ మధ్య ఒక మాట బాగా చెలామణిలో ఉంది: “ఇది సముద్రంలో పట్టింది కాదు, ట్యాంకులో పుట్టింది.” ఆ మాట వినగానే కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మనసు తేలికపడుతుంది.

తేలికపడటానికి కారణం లేకపోలేదు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచీ అక్వేరియం వ్యాపారం కోసం పగడపు దిబ్బల్లో సైనైడ్ చిమ్మి, చేపలకి మత్తెక్కించి పట్టేవాళ్ళు. చేపతో పాటు పగడమూ దెబ్బతినేది. క్లౌన్ ఫిష్‌ని ట్యాంకుల్లో పుట్టించడం తెలిశాక ఆ పాపంలో వాటా లేకుండా చేపని తెచ్చుకునే వీలు కలిగింది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కూడా వీటి సీడ్ ఉత్పత్తి పద్ధతులు రూపొందించింది. ఇదంతా మంచిదే. కానీ ఈ జవాబు “ఎక్కణ్ణుంచి తెచ్చావు?” అన్న ప్రశ్నకి మాత్రమే సరిపోతుంది. “ఎందుకు పుట్టించావు?” అన్నది అలాగే మిగిలిపోతుంది.

నా దగ్గర ఒక జత ఉంది. కుదురుకున్న జత రెండు వారాలకోసారి గుడ్లు పెట్టగలదు, విడతకి వందల్లో. మగచేప వాటిని రెక్కలతో విసురుతూ, పాడైనవి ఏరి తినేస్తూ వారం పైచిలుకు కాపలా కాస్తుంది. చీకటి పడ్డాక పిల్లలు బయటికొస్తాయి. అక్కణ్ణుంచి పని నాది. మొదట రోటిఫర్లు వేయాలి, ఆ రోటిఫర్లకి మేతగా నాచు పెంచాలి, తర్వాత మన కోస్తా రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా.

సముద్రంలో ఆ వందల్లో పెద్దయ్యేవి ఎక్కడో ఒకటీ అరా. అక్కడ సంజాయిషీ అడగటానికి ఎవరూ ఉండరు. ఇక్కడ ఎన్నిటిని వేరు చేశాను, ఎన్నిటికి మేత పెంచాను, ఎన్నిటికి చోటుంది, ప్రతి అంకే నా నిర్ణయం. ప్రకృతిలోనూ చస్తాయి కదా అని నేను తప్పించుకోలేను. వీటిని పెంచాలని ముచ్చటపడింది నేనే.

కొన్ని వారాలయ్యాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. కొన్ని పిల్లలకి మొప్పల మీది మూత పొట్టిగా వస్తుంది. కొన్నిటికి తెల్ల చారలు సగంలో ఆగిపోతాయి, చెదిరిపోతాయి. రెండూ మామూలు రూపం తప్పినవే. చార తప్పినదానికి ఎక్కువ ధర పలుకుతుంది. స్నోఫ్లేక్ లాంటి రకాలు అలాంటి తేడాల్ని ఏరి, జతకట్టించి నిలబెట్టినవే. మొప్ప తప్పినదాన్ని చాలామంది లవంగ నూనె కలిపిన నీళ్ళలో వేస్తారు. అది కూడా మిగతావాటిలాగే తినొచ్చు, ఈదొచ్చు. ఏది వింత, ఏది లోపం అన్నది చూసే కంటిని బట్టి ఉంది.

ఆదివారం కొరమీను పులుసు తింటూ ఈ బాధేమిటి అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే, నేనూ తింటాను. కాకపోతే పులుసులో చేపకి మేలు చేశానని ఎప్పుడూ చెప్పుకోలేదు. “ట్యాంకులో పుట్టింది” అన్నప్పుడు మాత్రం ఏదో పుణ్యం చేసినట్టే చెప్పుకుంటాం. ఆ పుణ్యం లెక్క సరిచూసుకోవాలి కదా.

బాగా చూసుకుంటే క్లౌన్ ఫిష్ ఇరవై ఏళ్ళు బతకగలదు. మన అద్దె ఇళ్ళకంటే, చాలా ఉద్యోగాలకంటే ఎక్కువ. అందుకే తీసుకునేవాళ్ళెవరో ముందే తెలిస్తేనే గుడ్లు వేరు చేస్తాను. మొప్ప పొట్టివి నా దగ్గరే వేరే ట్యాంకులో ఉంటాయి. మిగతా విడతల్ని అలాగే వదిలేస్తే, పుట్టిన రాత్రే ఆ ట్యాంకులోని మిగతా ప్రాణులకి ఆహారమవుతాయి. ఇది కూడా పూర్తిగా శుభ్రమైన దారేం కాదు. అయితే సాకలేనన్ని పిల్లల్ని పెంచి, నెల రోజుల తర్వాత వాటిలోంచి ఏరి పారేయడం కంటే నయమని నా అభిప్రాయం.

ట్యాంకులో పుట్టిన చేపనే కొనండి, తప్పకుండా. కొనేటప్పుడు ఇంకో మాట కూడా అడగండి: దీని తోడబుట్టినవి ఏమయ్యాయి?