ఎవరి ఊపిరితో ఈ వెచ్చదనం?

చలికాలం వచ్చిందంటే బోధన్ దగ్గరి మా అత్తగారి ఊళ్లో తెల్లవారకముందే నీళ్ల కాగు కింద మంట లేస్తుంది. తుమ్మ మొద్దు, కంది కట్టె, ఎండిన చెరకు ఆకు, ఏది దొరికితే అది. ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు, ముసలి మామయ్యకు కుంపట్లో నిప్పులు. అందరికన్నా ముందు లేచి పొగలో కూర్చునేది మాత్రం అత్తమ్మ ఒక్కతే.

ఇంట్లో గ్యాసు లేక కాదు. 1999లో మొదలైన దీపం పథకం కింద ఆమె పేరుమీదే కనెక్షన్ వచ్చింది. "దాని మీద నీళ్లు కాగబెడితే నెల గడవకముందే అయిపోతది బిడ్డా. కట్టెలకేమన్న పైసలు పెడుతున్నమా?" అంటుంది. నిజమే, పైసలు పెట్టడం లేదు. ఏరడానికి పట్టిన గంటలు, మోసిన నడుము, మండే కళ్లు, తగ్గని దగ్గు ఏ ఇంటి లెక్కలోనూ ఖర్చుగా రాయరు.

ఇళ్లలోని పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా ఊరందరికీ కనిపించిన పొగ దాని గొట్టానిది. అలాంటి పొగకు 1981 నుంచీ చట్టం ఉంది. అత్తమ్మ పొయ్యికి గొట్టమూ లేదు, అడిగే చట్టమూ లేదు.

అలాగని మంట ఆర్పెయ్యమని చెప్పే హక్కు నాకుందా? మామయ్య కీళ్లకు పట్టిన చలి అబద్ధం కాదు. నిజామాబాద్‌లో నేను స్విచ్చి వేస్తే నీళ్లు కాగుతాయి. ఆ కరెంటులో చాలాభాగం బొగ్గుదే. నా పొగను నేను పీల్చను, రామగుండంలాంటి చోట ఇంకెవరో పీలుస్తారు. వెచ్చదనం అందరికీ కావాలి. దాని పొగ ఎవరి వంతు అన్నదే ప్రశ్న.

పొయ్యికి గొట్టం పెట్టొచ్చు, కట్టెలు ఎండబెట్టొచ్చు, డాబామీద సోలార్ హీటరు బిగించొచ్చు. ఇవన్నీ మా ఇంట్లో అందరికీ తెలుసు. కిందటేడు అత్తమ్మ జ్వరంతో పడుకుంటే వారం రోజులు మా మరిది పొయ్యి ఊదాడు. ఎనిమిదో రోజు సోలార్ హీటరు ధర కనుక్కోవడానికి తనే బోధన్ వెళ్లాడు.

హీటరు వచ్చింది, సంతోషమే. కానీ అత్తమ్మ ముప్పై ఏళ్ల దగ్గు చెప్పలేని మాట, అతని ఏడు రోజుల దగ్గు ఎలా చెప్పగలిగింది?