గుమాస్తా రాసిన షరతు

గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర ఒక కుర్ర గుమాస్తా ఉండేవాడు. బుద్ధిమంతుడు, పనిమంతుడు. డిగ్రీ చదివాడు కాబట్టి పై దేశాలకు ఇంగ్లీషులో మెయిళ్ళు రాసే పని షావుకారు అతనికే అప్పగించాడు.

మార్చి నెల. యార్డు నిండా మిర్చి బస్తాలు. ఘాటుకు వచ్చేపోయేవాళ్ళంతా తుమ్ముతున్నారు. తేజ రకం కావాలని కొలంబో నుంచి ఒక వర్తకుడు అడిగాడు. "అడ్వాన్సు పంపితే వారంలో సరుకు ఎక్కిస్తామని రాసెయ్యవయ్యా" అన్నాడు షావుకారు.

కుర్రవాడు 'ఇఫ్ యు సెండ్ ది అడ్వాన్స్, వి విల్ షిప్ ఇన్ ఎ వీక్' అని కొట్టాడు. మళ్ళీ చదువుకుంటే మరీ కరుకుగా అనిపించింది. విల్ కన్నా వుడ్ మర్యాద అని ఎక్కడో విన్నాడు. వుడ్ పెట్టాక సెండ్‌ను కూడా సెంట్ చేశాడు. 'ఇఫ్ యు సెంట్ ది అడ్వాన్స్, వి వుడ్ షిప్ ఇన్ ఎ వీక్.' ఇప్పుడు వినయంగా ఉందనుకుని పంపేశాడు.

వారం గడిచినా డబ్బు రాలేదు, జవాబూ రాలేదు. ఇప్పటికైనా పంపమని గుర్తుచేద్దామని మళ్ళీ రాశాడు: 'ఇఫ్ యు హాడ్ సెంట్ ది అడ్వాన్స్, వి వుడ్ హావ్ షిప్డ్.' ఈసారి సాయంత్రానికల్లా జవాబొచ్చింది. మీకు అమ్మే ఉద్దేశం లేదేమోనని మొదటి మెయిల్‌తోనే అనుమానం వచ్చింది, రెండోదానితో తేలిపోయింది, సరుకు వేరేచోట కొనుక్కున్నాం అని దాని సారాంశం.

కుర్రవాడు ఆ రెండు మెయిళ్ళూ పట్టుకుని, ఆ వీధిలోనే ఉండే రిటైరైన ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"మాస్టారూ, నేను రాసింది రాబోయే వారం గురించేనండీ. ఆయనకి అలా ఎందుకనిపించింది?"

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని సెంట్ అన్న మాట మీద వేలు పెట్టారు. "ఇక్కడి భూతకాలం గడిచిన రోజుల గురించి కాదురా అబ్బాయ్. ఆ పని జరుగుతుందని నీకెంత నమ్మకముందో చెబుతుంది. సెండ్, విల్ అంటే, మీరు పంపడం జరిగే పనే, మా మాట ఖాయం అని. సెంట్, వుడ్ అంటే, పంపరేమోలే, ఒకవేళ పంపితే చూద్దాం అన్నట్టు. 'ఇఫ్ ఐ వర్ యు' అంటాం. నేను నువ్వు కాలేను కాబట్టే అక్కడ వర్. ఇక హాడ్ సెంట్, వుడ్ హావ్ షిప్డ్ అన్నావా, మీరు పంపలేదు, మేము ఎక్కించలేదు, ఆ బేరం అయిపోయిందని అర్థం."

"మన తెలుగులో ఇంత గొడవ లేదు కదండీ?"

"ఎందుకు లేదు? 'పంపితే ఎక్కిస్తాం' అంటావు, 'పంపి ఉంటే ఎక్కించేవాళ్ళం' అంటావు. ఆ రెంటినీ ఎప్పుడైనా తారుమారు చేశావా? 'పంపితే' అన్నప్పుడు మనసులో అనుమానముంటే మనం చాలాసార్లు గొంతులోనే పలికించేస్తాం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని క్రియలో పలికిస్తారు."

"మరి మర్యాద?"

"అడిగేటప్పుడు చూపించు. 'వుడ్ యు ప్లీజ్ సెండ్' అను, బాగుంటుంది. మాట ఇచ్చేటప్పుడు విల్ అనే అను. అలాగని 'ఇఫ్ యు విల్ సెండ్' అనకు. రేపటి పనైనా ఇఫ్ ఉన్న ముక్కలో సెండ్ చాలు."

ఆ రాత్రి కుర్రవాడు మూడో మెయిల్ రాశాడు: 'ఇఫ్ ఐ హాడ్ రిటెన్ క్లియర్లీ, ది గూడ్స్ వుడ్ బి ఇన్ కొలంబో నౌ. ఇఫ్ యు నీడ్ మోర్, వి విల్ షిప్ ఇన్ ఎ వీక్.' నిన్నటి తప్పుకు ఈనాటి ఫలితం మొదటి వాక్యంలో ఉంది. రేపటికి ఇచ్చిన మాట రెండోదాంట్లో ఉంది. రెండు రోజులకు కొలంబో నుంచి జవాబొచ్చింది: కొత్త రేటు చెప్పండి.

నీతి: షరతు చెప్పేవాడు తన నమ్మకాన్ని కూడా బయటపెడతాడు. జరిగే పనిని జరిగేదిగా, అనుమానమున్నదాన్ని అనుమానంగా, చెయ్యిదాటినదాన్ని చెయ్యిదాటినట్టుగా చెప్పడమే అవతలివాడికి మనమిచ్చే అసలైన గౌరవం. వినయం పేరుతో ఇచ్చిన మాటను మనమే వెనక్కి లాగితే, విన్నవాడూ వెనక్కి తగ్గుతాడు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు ఇఫ్ వాక్యాల పట్టికను బట్టీ పట్టేముందు, ఈ పని జరుగుతుందని నేను నమ్ముతున్నానా అని తమను తాము అడగాలి. ఆ జవాబు దొరికితే ఏ కాలం వాడాలో దానంతటదే తెలుస్తుంది.