ఒంటి మొవ్వు

తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగ అను తాళజాతి వృక్షములకు, దుబ్బులుగా పెరుగు కొన్నింటిని మినహాయించినచో, ప్రాణము ఒక్కచోటనే యున్నది. వేపకును మఱ్ఱికిని ఉన్నట్లు వీనికి వేయి చిగురులు లేవు, ఒక కొమ్మ విరిగిన మరియొక కొమ్మ పుట్టుకొనివచ్చు వెసులుబాటు లేదు. కాండము కొనయందు, మట్టల నడుమ, ఎవరి కంటికిని కానరాక దాగియున్న ఆ ఒక్క మొవ్వు బ్రదికియున్నంతకాలము చెట్టు బ్రదుకును, అది కుళ్ళిననాడు నూరేండ్ల చెట్టైనను నిలువునా మోడగును. కోనసీమలో కొబ్బరితోట గల ప్రతి గృహస్థునకును తెలిసిన సంగతియే యిది. వానకాలములో నడిమి ఆకు వాడి, చేతితో లాగిన ఊడివచ్చి, దుర్గంధము కొట్టినప్పుడు తోటలోనివాడు ఎక్కువ మాటాడడు. కుళ్ళిన భాగమును చెక్కివేసి, బోర్డో ముద్ద పూసి, వాననీరు దిగకుండ పైన కప్పు వేసి, తక్కినది కాలమునకు విడిచిపెట్టును.

వృక్షశాస్త్రజ్ఞులు ఈ ఒంటితనమునకు మరియొక లోతును చూపుచున్నారు. టేకు, మామిడి మొదలగునవి ఏటేట బెరడు క్రింద క్రొత్త పొరను కూర్చుకొనుచు, పాతదానిని నిర్జీవమైన చేవగా లోపల విడిచి, గాయములను పూడ్చుకొనుచు, ప్రతి సంవత్సరమును కొంత క్రొత్త చెట్టుగా మారుచుండును. తాళవృక్షమునకు అట్లు క్రొత్త కలపను పుట్టించు పొరయే లేదు. దాని కాండము మొదట నున్న కణములు అది చిన్నమొక్కయై యున్ననాడు పుట్టినవే. అవి బదులు లేక, విశ్రాంతి లేక, ఆ చెట్టు నిలిచియున్నంతకాలము సజీవములై పనిచేయవలెను. నీటిని మోయు నాళముల గతియు నింతియే. లోపలి నీరు గడ్డకట్టి, కరగునప్పుడు గాలిబుడగలు పట్టి ఒక నాళము చెడినచో, ఆ స్థానమున వేరొకటి పుట్టదు. చలికి ముందే ఆకులు రాల్చి నిద్రించు విద్యయు ఈ జాతి నేర్చుకొనలేదు. సుమారు 2,600 జాతులు గల ఈ మహాకుటుంబములో అధికభాగము ఉష్ణమండలమును విడిచి దూరము పోకపోవుటకు కారణము రుచిభేదము కాదు, దేహనిర్మాణము.

ఇట్టి చెట్టును మంచు కురియు దేశములలో పెంచవలెనని పూనుకొనువారున్నారు; ఇంగ్లండునందును, జర్మనీయందును, అమెరికా ఉత్తర రాష్ట్రములందును వారి సంఖ్య తక్కువది కాదు. దక్షిణ ఇంగ్లండులో బంధువుల యింట ఒక శీతకాలము గడిపినప్పుడు, పొరుగుననున్న యొక వృద్ధుని పెరటిలో ఈ పరిశ్రమను దగ్గరనుండి చూచు అవకాశము నాకు కలిగెను. ఆకురాలు కాలము ముగియుచుండగా ఆయన మట్టలనన్నింటిని పైకెత్తి త్రాటితో కట్టును. చెట్టు మొదట ఎండుగడ్డి దట్టముగా పరచును. కాండమునకు తెల్లని పలుచని గుడ్డ పొరలుపొరలుగా చుట్టును. మొవ్వులోనికి వాన దిగి అక్కడనే గడ్డకట్టకుండ తలమీద ఒక చిన్న కప్పు నిలుపును. మరీ గడ్డురాత్రులలో పాతకాలపు తీగబల్బుల మాలను లోపల చుట్టి వెలిగించును, వెలుతురుకొరకు గాక, ఆ బల్బులు వృథాగా పారవేయు వేడికొరకు. ఎండ పొడచూపిననాడు మరల అంతయు విప్పవలెను, ఏలయన చుట్టినది చుట్టినట్లే యుంచిన లోపలి చెమ్మకే మొవ్వు కుళ్ళును. వసంతమున ఆయన చేయు మొదటి పని నడిమి ఆకును రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూచుట. కోనసీమ తోటలో చేయు పరీక్షయే అది. ఊడివచ్చినచో చేయు చికిత్సయు ఇంచుమించు అదియే, రాగిమందు, పొడి కప్పు, ఓర్పు. ఎనిమిదివేల కిలోమీటర్ల దూరమున, ఒకరి భాష యొకరికి తెలియని ఇద్దరు మనుష్యులు, ఒకరు వానకును ఒకరు మంచునకును వెరచి, ఒక్క ఆకును ఒక్క విధముగా లాగి చూచుచున్నారనిన, చెట్టే వారికి ఆ పని నేర్పినదనుకొనవలెను.

ఆయన నోట సగటు ఉష్ణోగ్రత అను మాట నేను వినలేదు. ఇక్కడ ఎంతవరకు చల్లబడును, ఆ చలి ఎన్ని గంటలు నిలుచును, ఆ గంటలలో మొవ్వు తడిగా నుండునా పొడిగా నుండునా, ఇవియే ఆయన ప్రశ్నలు. అమెరికా వ్యవసాయశాఖవారు 1960లో ప్రకటించిన శైత్యమండలముల పటము సైతము సంవత్సరపు సగటు వేడిమిని లెక్కించునది కాదు. ఏటేట అన్నింటికంటె చలియైన వేళ ఎంతకు దిగునో చూచి, అట్టి వేళల సగటునుబట్టి నేలను విభజించునది. ఆ లెక్కకును లొంగని రాత్రి ఎప్పుడో యొకటి వచ్చును. ఇంగ్లండు నూరేండ్లలో నెరుగని డిసెంబరు చలి 2010లో వచ్చెను. 2021 ఫిబ్రవరిలో టెక్సాసును మంచు కమ్మినప్పుడు వీధుల వెంబడి, ఇండ్ల ముంగిళ్ళలో, దశాబ్దములుగా నిశ్చింతగా పెరిగిన తాళవృక్షములు అసంఖ్యాకముగా మాడిపోయెను. హ్యూస్టన్, ఆస్టిన్ నగరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములును ఆ గోధుమవన్నె మట్టలను నెలల తరబడి చూచుచు, చెట్టు పోయినదో ఉన్నదో తేల్చుకొనలేక, నరకుటకు చేయి రాక యుండియుందురు. మనము ఊరిని గూర్చి, కాలమును గూర్చి, తోడి మనుష్యుల స్వభావమును గూర్చి సగటుల మీద మాటాడుదుము; సగటున ఆ యూరు మంచిది, సగటున ఆయన శాంతుడు. బ్రదుకునకు ఒక్కటే మొవ్వు గలదానికి ఈ లెక్క పనికిరాదు.

ఐనను ఈ పెంపకములో నన్నాకర్షించినది అపాయము కాదు, పనిపంపకము. ఏడాదిలో మూడువందల నలుబది రాత్రులు ఆ చెట్టు తన పని తాను చేసికొనును. మనిషి కావలసినది తక్కిన కొద్ది రాత్రులకే. ఆయన వాతావరణమును మార్చబూనుట లేదు, చెట్టు స్వభావమును మార్చబూనుట లేదు. ఆ రెంటికిని సరిపడని కొన్ని గంటల నడుమ తాను నిలుచుచున్నాడు.

రాజులును విద్యాపీఠములును త్రొక్కిన మార్గము వేరు. ఇటలీలో పాదువా నగరపు వృక్షోద్యానమున 1585లో నాటిన యొక పొట్టి తాళవృక్షము నేటికిని తనకై కట్టిన అద్దాల గృహములో నున్నది. 1786లో గేటే మహాకవి దానిని చూచి, అడుగున సరళముగానున్న ఆకు పైపైకి పోవుకొలది చీలి విసనకర్రగా మారుట గమనించి, సస్యముల రూపపరిణామమును గూర్చి 1790లో ఒక గ్రంథము ప్రకటించెను. ఒక్క చెట్టు ఒక కవిచేత శాస్త్రము వ్రాయించినదనిన ఆ గాజుకు వెల దక్కినట్లే. లండను సమీపమున క్యూ ఉద్యానములో 1844 మొదలు 1848 వరకు ఇనుముతోను గాజుతోను కట్టిన తాళమందిరము జగత్ప్రసిద్ధము. నాకు మాత్రము గాజుమేడలయందు ప్రీతి తక్కువ. అక్కడ చెట్టునకు మిగిలిన పని ఏమియు లేదు. అదే ఉద్యానములోని మరియొక గాజుమందిరమున, 1846లో చిలీనుండి వచ్చిన విత్తనమునుండి మొలచిన తాళమొకటి నూటయేబది యేండ్లకు పైగా పెరిగి, కప్పును సమీపించి, ఎక్కడికిని తరలింప వీలులేక, తుదకు ఇటీవలి కాలమున నరకబడెను. మొవ్వు చెడలేదు, చలి తగులలేదు, ఆకాశము చాలలేదు.

ఆ చిలీ తాళమును గూర్చి ఇంకొక మాట. 1834లో చార్లెస్ డార్విన్ చిలీ కొండలకు పోయినప్పుడు అది తన జాతిలో అందమైనది కాదని తలచెను. దానినుండి పానకము తీయు విధమునుకూడ వ్రాసి పెట్టెను. చెట్టును కూలద్రోయుదురు, తలను నరకుదురు, నరకిన కొననుండి నెలల తరబడి రసము కారుచుండును, ప్రతి ఉదయమును ఒక పలుచని బిళ్ళ చెక్కుదురు. చదివినప్పుడు నాకు మన గీతపనివారు జ్ఞాపకము వచ్చిరి. మోకు నడుమునకు బిగించి తాడి నెక్కి, గెల కొనను దినమునకింత చెక్కి లొట్టి కట్టి దిగివచ్చు ఆ మనుష్యునకు, మొవ్వు ముట్టరాదను విషయము ఎవరును చెప్పనక్కరలేదు. కల్లును గూర్చి సంస్కర్తలు చెప్పినదంతయు నిజమే కావచ్చును. ఆ కత్తి యెరిగిన హద్దును మాత్రము నేను గౌరవింతును.

చలిదేశములలో అధికముగా పెరుగునది చీనా దేశపు తాళము. కాండమంతయు గోధుమవన్నె పీచుతో కప్పబడియుండు ఆ చెట్టును అక్కడి రైతులు ప్రాచీనకాలమునుండి త్రాళ్ళకును, వానలో కప్పుకొను పీచుకోకలకును పెంచుకొనుచుండిరి. రాబర్ట్ ఫార్చ్యూన్ అను స్కాట్లండు వృక్షాన్వేషకుడు పందొమ్మిదవ శతాబ్ది నడుమ జూషాన్ ద్వీపమున దానిని చూచి ఇంగ్లండునకు పంపెను. దాని శాస్త్రీయనామమున నేడాయన పేరు నిలిచియున్నది. సున్నకు దిగువ పదునైదు డిగ్రీల చలినైన అది యోర్చుకొనగలదు. దాని దాయాది మన దేశముననే కలదు. కుమావూనులో పితోరాగఢ్ సమీపపు కొండలపై, రెండువేల మీటర్లకు పైన, శీతకాలమున మంచు పడు అడవులలో పెరుగు ఆ తాళమును 1905లో ఇటలీ పండితుడు బెకారీ శాస్త్రలోకమునకు తెలియజేసెను. మంచు కప్పిన తాళపత్రము ప్రకృతివిరుద్ధమని మనము అనుకొనుచుండగా హిమాలయపు అంచున అది వేలయేండ్లుగా జరుగుచునే యున్నది.

చీనా తాళము కథ అంతతో ముగియలేదు. స్విట్జర్లండు దక్షిణభాగమున తిచీనో ప్రాంతములో తోటల సొంపునకై నాటిన ఆ చెట్టు పక్షులచేత విత్తనములు వెదజల్లించుకొని, శీతకాలములు మెత్తబడుచుండుటచే ఊతము పొంది, అడవులలోనికి చొచ్చుకొనిపోయెను. 2024 సెప్టెంబరునుండి ఆ దేశము దాని విక్రయమును నిషేధించినది. చలికి చెట్టునకు గుడ్డ చుట్టు తోటమాలికిని, గొడ్డలితో ఆ చెట్టునే నరకుచున్న అటవీ ఉద్యోగికిని నడుమ కొన్ని వందల కిలోమీటర్ల దూరమే కలదు. ఇరువురిలో ఎవరి పని తప్పని నన్నడిగిన, ఇరువురిదియు ఒప్పే యందును. అతిథి యింటివాడైన పిమ్మట తక్కినవారికి చోటు చాలునా యను ప్రశ్న వేరు.

ఇంతకును ఏ చెట్టునకు ఏ నేల స్వస్థానము? లండను నగరము క్రిందను, థేమ్సు ముఖద్వారమున షెప్పీ ద్వీపమునను ఉన్న బంకమట్టిలో, దాదాపు ఐదుకోట్ల సంవత్సరముల నాటి నీపా అను తాళపు కాయలు శిలారూపమున విరివిగా దొరకుచున్నవి. నేడు సుందరవనముల బురదలలో పెరుగుచున్నది దాని వంశపు చెట్టే. కావున పెరటిలో తాళమును చుట్టుచున్న ఆ ఇంగ్లండు వృద్ధుడు పరదేశిని తెచ్చుచున్నాడా, వెడలిపోయినవానిని మరల పిలుచుచున్నాడా యని అడుగవచ్చును. ఐదుకోట్ల యేండ్ల నాటి హక్కును నేడు చెల్లుబాటు చేయువాడు లేడు. ఐనను స్వస్థానమను దానిలో మన్ను ఎంత కలదో కాలమును అంత కలదని యెరిగినవాడు, సరిహద్దులను గూర్చి కొంత మెత్తగా మాటాడును.

ఇక సేకరణము. మార్షియస్ అను జర్మను పండితుడు 1823 మొదలు 1850 వరకు తాళజాతుల చరిత్రను మూడు మహాసంపుటములుగా వెలువరించెను. అమెరికా ఉద్యానశాస్త్రజ్ఞుడు లిబర్టీ హైడ్ బెయిలీ 1948లో, తొంబదవ జన్మదినోత్సవమునకు మిత్రులు సన్నాహము చేయుచుండగా, తాళములను వెదకుచు కరిబ్బియను దీవులలో తిరుగుచు సమయమునకు రాకపోయెను. 1956లో డెంట్ స్మిత్ ఫ్లారిడాలో స్థాపించిన తాళసంఘము నేడు అంతర్జాతీయమై, విత్తనములను, అనుభవములను ఖండములు దాటించుచున్నది. ఈ వ్యసనములో పిసినారి గుణమును కొంత కలదని నేనెరుగుదును. ఇతరునివద్ద లేనిది తనవద్ద నుండవలెనను కోరిక అరుదైన జాతులను అడవినుండి పెరికించును. ఆ దోషమును దాచనక్కరలేదు. కాని సేకర్తలే లేకున్న కొన్ని చెట్లు నేడు లేవు. మారిషసు ద్వీపమున, తెలుగువారు పందొమ్మిదవ శతాబ్దినుండి కాపురమున్న ఆ నేలపై, క్యూర్‌పీప్ ఉద్యానములో ఒక తాళము కలదు. దాని జాతిలో లోకమున మిగిలినది అదియొక్కటే. మగపూలును ఆడపూలును ఒక్కకాలమున విచ్చవు. ప్రయోగశాలలో మొలిపించిన మొక్కలు మట్టికి మార్చినంతనే నిలువలేకపోయినవి.

సామర్లకోటలో ఏండ్లతరబడి మొక్కలు పెంచి, 1793లో కలకత్తా ఉద్యానమునకు అధిపతియై పోయిన విలియం రాక్స్‌బర్గ్ వర్ణించిన బెంగాలు తాళమొకటి, మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న శ్రీతాళమునకు సోదరి, ఇంకను చిత్రమైనది. దశాబ్దముల పర్యంతము కాపాడుకొన్న ఆ ఒంటి మొవ్వు ఒకనాడు తానే మహాపుష్పగుచ్ఛమై ఆకాశమునకు లేచును. పండ్లు పండిన పిమ్మట చెట్టు చచ్చును. అడవిలో మిగిలిన చివరిదానిని 1979లో శాంతినికేతన సమీపమున, తల మీద లేచుచున్న పూగుత్తిని చూచి దయ్యమని భ్రమపడి, గ్రామస్థులు నరకివేసిరి. ఢాకా విశ్వవిద్యాలయపు ఆవరణలో మరియొకటి యుండుట అదృష్టము. అది 2008లో పూచి, పిదప కాచి, గతించెను. దాని విత్తనముల నారు నేడు కొన్ని తోటలలో పెరుగుచున్నది. అవి యన్నియు ఒక్క తల్లి బిడ్డలు, ఒక్క ఈడువి. ఒక్కచోటనే యుండినచో ఇంచుమించు ఒక్క కాలమున పూచి ఒక్కమారే పోవుటకు అవకాశము కలదు. కావున వానిని వేరువేరు నేలలలో, కొన్ని వేడిపట్టునను కొన్ని చల్లనిచోటను, కొన్ని వానదేశమునను కొన్ని పొడినేలను నాటి, ఏది ఎవరి సంరక్షణలో నున్నదో వ్రాసి యుంచుట మంచిదని నా యభిప్రాయము. చలిదేశపు అద్దాల గృహమున ఒకటి రెండు పెరిగినను నాకు సమ్మతమే. గాజుమేడలను గూర్చి నేనిందాక చెప్పినది ఈ ఒక్క చెట్టు విషయమున చెల్లదు.