సముద్రం మెల్లగా లోతవుతుంది

చలికాలంలో ఒక పున్నమి నాడు కురవిలో, ఒక ఇంటి వాకిట్లో పదిహేను మందిమి కూర్చున్నాం. త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాక నేను బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల గురించి మాట్లాడాను. మనుషులంతా సమానమని నమ్ముతామన్న ప్రతిజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దమ్మ నన్ను ఆపింది.

"కొడుకా, నేను దీక్ష దీస్కొని పదేండ్లాయె. ఇంట్ల పటాలన్నీ దీసేసిన. బుద్ధుణ్ణి, బాబాసాహెబును బెట్టుకున్న. గని పటేలు బజార్ల ఎదురొస్తే ఇప్పటికీ నా కాళ్లు వాటంతటవే పక్కకు జరుగుతయి. జరిగినంక యాదికొస్తది, ఎందుకు జరిగిన అని. మరి నేను బౌద్ధురాలినేనా, కాదా?"

"అట్ల జరగొద్దు పెద్దమ్మా" అన్నాను. జరగొద్దని ఆమెకూ తెలుసు. ఆమె అడిగింది అది కాదు. నోటితో ప్రతిజ్ఞ చేశాం, మనసుతో ఒప్పుకున్నాం. అయినా ఒంట్లో పాత భయం మిగిలింది. అది మిగిలినందుకు మన దీక్ష అబద్ధమైపోతుందా? ఇదీ ఆమె ప్రశ్న. మీలో చాలామంది ఈ ప్రశ్నను పైకి అడగరు గానీ లోపల మోస్తూనే ఉంటారు. నేనూ మోస్తున్నాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జవాబు విశాఖపట్నంలో, నడుము లోతు ఉప్పునీళ్లలో దొరికింది. నవ్వకండి, చెప్తాను.

సంక్రాంతి సెలవులకు నేను, నా భార్య, ఇంటర్ చదివే మా బిడ్డ మానుకోటలో రైలెక్కి విశాఖ పోయాం. తొట్లకొండ, బావికొండ చూడాలన్నది నా లెక్క. సముద్రంలో ఆడాలన్నది బిడ్డ లెక్క. భీమిలి రోడ్డు మీద రుషికొండ తీరం దాటాక ఆ కొండలు వస్తాయి కాబట్టి రెండు లెక్కలూ కుదిరాయి. అక్కడ అలల మీద బోర్డు వేసుకొని నిలబడే సర్ఫింగ్ నేర్పుతున్నారు. బిడ్డ ఇద్దరికీ పేర్లు రాయించింది.

"మనకెందుకు బిడ్డా ఈ ఉన్నోళ్ల ఆట?" అన్నాను.

"నీళ్లు గూడ ఉన్నోళ్లవేనా నాయినా?" అంది.

నిజానికి అది ఉన్నోళ్ల ఆటగా పుట్టలేదు. పసిఫిక్ సముద్రంలోని హవాయి వంటి దీవుల మూలవాసులది. 1912 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచిన హవాయి మూలవాసి డ్యూక్ కహనమోకు దాన్ని దేశదేశాల వాళ్లకు చూపించాడు. ఇదంతా నాకు తెలుసు. నా అసలు కారణం డబ్బు కాదు. నాకు నీళ్లంటే భయం.

మా అమ్మమ్మ ఊళ్లో ఒక మోటబాయి ఉండేది. ఎండకాలం ఊరి పిల్లలు వీపుకు డబ్బా కట్టుకొని అందులో దుంకి ఈత నేర్చుకునేవారు. మేము గడ్డ మీద నిలబడి చూసేవాళ్లం. ఎనిమిదేండ్ల వయసులో ఒకరోజు నేనూ, మా చిన్నాయన కొడుకూ మెట్లు దిగి మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడ్డాం. బాయి గలాయన తుమ్మబరిగె పట్టుకొని వచ్చాడు. నీళ్లు మైలపడ్డాయన్నాడు. దెబ్బలు వారంలో మానాయి. నీళ్ల భయం మానలేదు. మహద్ చవదార్ చెరువు గురించి వంద సభల్లో మాట్లాడిన నేను, ఇప్పటికీ చెరువు కట్ట దిగాలంటే వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని ఒకసారి తిరిగి చూస్తాను.

మాకు నేర్పిన తమ్ముడికి ఇరవై రెండేండ్లు ఉంటాయేమో. ముందు అరగంట నీళ్లలోకి దిగనే లేదు. ఇసుకలో బోర్డు పెట్టి దాని మీద బోర్లా పడుకోబెట్టాడు. ఎనిమిది తొమ్మిది అడుగుల పొడుగు, పైన మెత్తటి ఫోమ్. చేతులతో నీళ్లు వెనక్కి తోయడం, ఛాతీ పక్కన అరచేతులు ఆనించి ఒక్క ఊపున లేవడం, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాళ్లు వంచి నిలబడటం. ఇదంతా ఇసుకలోనే ఇరవై సార్లు చేయించాడు. బోర్డుకున్న తాడు వెనక కాలి చీలమండకు కట్టాడు. దాన్ని లీష్ అంటారు. మనిషి పడ్డా బోర్డు కొట్టుకుపోదు. పడేటప్పుడు తలకిందులుగా దుంకొద్దు, వెల్లగా పడాలి. పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి. నిలబడటం కంటే ఎక్కువసేపు పడటమే నేర్పాడు.

తర్వాత నడుము లోతు నీళ్లు. అక్కడికి వచ్చేసరికి అల విరిగి తెల్లటి నురగగా మారుతుంది. కొత్తవాళ్లకు ఆ నురగే బడి. లోపలికి తీసుకుపోరు. వెనక నుంచి అతను బోర్డు తోస్తాడు, మనం లేవాలి. బిడ్డ నవ్వుకుంటూ దిగింది, మూడోసారికే నిలబడింది. ఆమెను ఏ బాయి దగ్గరా ఎవరూ తరమలేదు మరి. నేను పడుతూనే ఉన్నాను. అల వస్తున్న చప్పుడు వినగానే బోర్డు అంచులు బిగబట్టి తల వంచి కాళ్లు చూసుకుంటున్నాను.

"ఏటి సార్, కాళ్లెక్కడికీ పోవు. ఒడ్డు కేసి చూడండి" అని అరిచాడు.

నలుగురిలో అరిచేసరికి నాకు కోపం వచ్చింది. నలభై ఏడేండ్ల మనిషిని, సభల్లో మైకు పట్టుకునేవాణ్ణి. ఈ పిల్లగాడు నన్ను అదిలించడమేంది అనిపించింది. అప్పుడు నా నోట్లో నుంచి ఏం మాట వచ్చిందో తెలుసా?

"మీ ఇంటి పేరేంది తమ్ముడూ?"

ఇంటి పేరు అడగడమంటే ఏం అడగడమో మీకు చెప్పనక్కర్లేదు. అద్దె ఇండ్ల కోసం తిరిగినప్పుడు ఆ ప్రశ్నే నన్ను గేటు దగ్గరి నుంచి తిప్పి పంపింది. ఆ ప్రశ్న అడిగినవాళ్ల మీద నేను ఎన్నో వ్యాసాలు రాశాను. అదే ప్రశ్న, అదే తియ్యని గొంతుతో, నా నోట్లో నుంచి వచ్చింది. ఆ పిల్లవాడిని ఎక్కడ నిలబెట్టాలో తెలిస్తే అతని అదిలింపును తేలిగ్గా మింగవచ్చని నా లోపల ఎవరో లెక్క వేశారు.

అతను చెప్పాడు. చెప్పి, మామూలుగా "మీదేటి సార్?" అన్నాడు.

నా గొంతు ఆగింది. నేనేసిన గాలానికి నేనే చిక్కాను. ఒక్క క్షణమే. తర్వాత చెప్పాను. అతను దాని గురించి ఏమీ ఆలోచించినట్టు లేదు. "అల వచ్చేత్తంది సార్, పడుకోండి" అన్నాడు.

అల వచ్చింది, నేను మళ్లీ పడ్డాను. ఉప్పునీళ్లు మింగుతూ ఒక సంగతి గ్రహించాను. బాయి గలాయన కొట్టిన దెబ్బ ఒక్కటే నాలో మిగల్లేదు. ఆయన చేతిలోని బరిగె కూడా నాలో మిగిలింది. పైవాడిని చూసి జరిగే కాళ్లు, ఎదుటివాడిని కొలిచే నోరు, రెండూ ఒకే చోట నుంచి వచ్చాయి. దీక్ష తీసుకున్న నాడు రెండింటినీ వదిలేశాననుకున్నాను.

ఆ పొద్దు పదకొండుసార్లు పడ్డాను. పన్నెండోసారి ఒడ్డు మీది కొబ్బరిచెట్టు ఒకదాన్ని చూస్తూ లేచాను. మూడు సెకండ్లు నిలబడి ఉంటానేమో. బిడ్డ చప్పట్లు కొట్టింది.

మర్నాడు తొట్లకొండ ఎక్కాం. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల దానికా పేరు, పక్క కొండకు బావుల వల్ల బావికొండ అని పేరు. 1988 నుంచి 1993 దాకా సాగిన తవ్వకాల్లో స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు, శాతవాహన నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. వానకాలపు నీళ్లు తొట్లలో పట్టుకొని, కింద సముద్రం చూస్తూ భిక్షువులు అక్కడ శతాబ్దాల పాటు బతికారు. అక్కడ నిలబడి కిందికి చూశాను. ఒడ్డు దగ్గర నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి, ఆ తర్వాత లేత పచ్చ, ఆ తర్వాత నీలం, ఇంకా దూరాన నల్లటి నీలం. అప్పుడు బుద్ధుని మాట గుర్తొచ్చింది.

ఉదానంలోనూ, అంగుత్తర నికాయంలోనూ బుద్ధుడు సముద్రానికున్న ఎనిమిది అద్భుత గుణాలు చెప్పాడు. మన సభల్లో మనం ఎప్పుడూ ఒకదాన్నే చెప్తాం. నదులు సముద్రంలో కలిశాక పాత పేర్లు వదులుకున్నట్టే, నాలుగు వర్ణాల వాళ్లూ సంఘంలో చేరాక పాత పేర్లు, గోత్రాలు వదులుకుంటారని. అది మనకు ప్రాణమైన మాట. మన ఆకేరు మున్నేరులో కలిసి పేరు పోగొట్టుకుంటుంది, మున్నేరు కృష్ణలో, కృష్ణ సముద్రంలో. ఆ ఉప్పునీళ్లలో ఇది ఆకేరు చుక్క అని ఎవరూ వేరు చేయలేరు.

కానీ ఆ వరుసలో అది నాలుగోది. మొదటిది వేరే ఉంది. సముద్రం ఒడ్డు దగ్గరే అగాధం కాదు, మెల్లగా వాలుతూ మెల్లగా లోతవుతుంది. అట్లాగే ఈ ధమ్మంలో శిక్షణ కూడా మెట్టు మెట్టుగా సాగుతుంది, ఒక్కసారిగా చివరికి చేరడం ఉండదు. బుద్ధుడు ముందు ఈ మాట చెప్పి, తర్వాత పేర్లు పోయే మాట చెప్పాడు. మనం నాలుగోదాన్ని పట్టుకొని మొదటిదాన్ని వదిలేశాం. అందుకే దీక్ష నాడే కులం మనలో నుంచి పూర్తిగా పోయిందనుకుంటాం. పోలేదని తెలిసిన రోజు సిగ్గుతో దాచుకుంటాం, లేదా పెద్దమ్మలా నేను బౌద్ధురాలినేనా అని కుమిలిపోతాం.

వినయ పిటకంలోని ఉపాలి కథ మీకు తెలిసిందే. శాక్య రాకుమారులు దీక్షకు వచ్చినప్పుడు తమ మంగలి ఉపాలికే ముందుగా దీక్ష ఇవ్వమని అడిగారు. అప్పుడు అతను తమకంటే పెద్దవాడవుతాడు, తాము రోజూ అతనికి మొక్కాలి, అలా తమ శాక్య అహంకారం తగ్గుతుందని వాళ్ల ఆలోచన. దీక్ష తీసుకోగానే అహంకారం పోతుందని వాళ్లు అనుకోలేదు, చూడండి. దాన్ని రోజూ తగ్గించే పని ఒకటి పెట్టుకున్నారు. నాకు ఆ రోజు ఉపాలి ఆ సముద్రం పిల్లవాడు. నేను మొక్కే బదులు ఇంటి పేరు అడిగాను.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. రావాలి కూడా. "మెల్లమెల్లగా" అన్న మాట మనకు చేదు మాట. ఓపిక పట్టండి, రోజులు మారుతాయి అని తరతరాలుగా మనకు చెప్పింది మనల్ని తొక్కినవాళ్లే. నేను అదే మాట చెప్తున్నానా? కాదు. హక్కు వేరు, శిక్షణ వేరు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినప్పుడు మెల్లగా అలవాటు పడండి అని ఎవరినీ బతిమాలలేదు. మనమూ మనుషులమేనని చాటడానికి దిగాడు. మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల కూలీలుగా పోయిన డర్బన్‌లో మంచి తీరాలు తెల్లవాళ్లకే ఉండేవి. 1953 చట్టం ఆ వేరుపాటుకు అండ. 1989లో జనం ఆ నీళ్లలోకి దిగి ధిక్కరించారు, 1990లో ఆ చట్టం రద్దయింది. నీళ్లలోకి దిగే హక్కుకు వాయిదా లేదు. దిగాక నిలబడటం నేర్చుకోవడానికి మాత్రం రోజులు పడతాయి. ఇంకొకడి మీద చేసే అన్యాయం ఈ క్షణమే ఆగాలి. మన లోపలి భయాన్ని మాత్రం ఓపికగా తీసేయాలి. అందుకే పెద్దమ్మ కాళ్లు, నా నోరు ఒకే లెక్కలోకి రావు. ఆమె జరగడం ఆమెకు జరిగిన గాయం. నేను అడగడం నేను ఇంకొకరి మీద ఎత్తిన బరిగె. ఆమె తనను తాను క్షమించుకోవాలి. నేను ఆ ప్రశ్న మానుకోవాలి, రేపటి నుంచి కాదు.

మరి మనం ఏం చేయాలి? ఈ నెలకు ఒక్కటి ఎంచుకోండి, మీ నడుము లోతుకు సరిపోయేది. పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవడం కావచ్చు. కొత్త మనిషితో ఇంటి పేరు అడగకుండా మాట్లాడటం కావచ్చు. మనలోనే మాల, మాదిగ అని చేసే హెచ్చుతగ్గుల మాటకు నవ్వకుండా ఉండటం కావచ్చు. ఎన్నిసార్లు పడ్డారో దాచకుండా లెక్కపెట్టండి. పున్నమికి వచ్చి చెప్పండి. పున్నమి కూడిక మన కాలికి కట్టిన లీష్ లాంటిది. మనం పడ్డా ధమ్మం దూరం కొట్టుకుపోకుండా ఉంచేది అదే.

తిరిగొచ్చాక పున్నమికి ఇదంతా అందరి ముందూ చెప్పాను. ఇంటి పేరు సంగతి చెప్పడానికి నోరు రాలేదు, అయినా చెప్పాను. పెద్దమ్మ నా వైపు చాలాసేపు చూసి "నువ్వు గూడ పడ్డవన్నట్టు" అంది. అంతే అంది. నాకు కోపం రాలేదు.

ఆ పై నెల వచ్చి వాకిట్లో చాప మీద కూర్చుంటూనే చెప్పింది. "కొడుకా, మొన్న పటేలు ఎదురొచ్చిండు. ఒక కాలు జరిగింది. రెండో కాలు జరుగలే."

జై భీమ్. నమో బుద్ధాయ.