చేసినవాడు, చేయించినవాడు: కస్టమ్ మోటారుసైకిలు – స్వాతంత్ర్య భావన

ప్రస్తావన

మోటారుసైకిలును స్వేచ్ఛకు ప్రతీకగా చూడడం ఇరవయ్యో శతాబ్దం అలవాటు చేసిన దృష్టి. కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టుగా నడపక, దాని చాసిస్‌ను, ట్యాంకును, సీటును, హ్యాండిలును తన అభిరుచికి తగినట్టు మార్చుకొనే కస్టమ్ సంస్కృతి ఆ ప్రతీకను మరింత గాఢం చేసింది. అలా మారిన బండి నడిపేవాడి వ్యక్తిత్వాన్ని ప్రకటిస్తుందనీ, దాన్ని కళాకృతిగానే చూడాలనీ అభిమానులు భావిస్తారు. ఈ భావనను అంగీకరిస్తే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఆ కళాకృతికి కర్త ఎవరు? అందులో లభించే స్వేచ్ఛ ఎవరిది? విజయవాడ ఆటోనగర్‌ను, దాని చుట్టూ ఉన్న కృష్ణా డెల్టాను నేపథ్యంగా తీసుకొని, వ్యాకరణ, సాహిత్య సంప్రదాయాల వెలుగులో ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

స్వేచ్ఛ, స్వాతంత్ర్యం

వాడుకలో ఈ రెండు మాటలు పర్యాయపదాలుగా చెల్లుతున్నాయి. వ్యుత్పత్తి దృష్ట్యా వీటి మధ్య గణనీయమైన భేదం ఉంది. స్వేచ్ఛ అంటే తన ఇచ్ఛ. స్వాతంత్ర్యంలో ఉన్నది తన తంత్రం. తంత్రానికి మగ్గం, పద్ధతి, పనిని నడిపించే ఉపాయం అనే అర్థాలున్నాయి. కోరడానికి ఇచ్ఛ చాలు. కోరినదానికి రూపం ఇవ్వడానికి తంత్రం కావాలి.

మోటారుసైకిలు విషయంలో ఈ భేదం ప్రత్యక్షంగా కనిపిస్తుంది. సినిమాలో చూసినట్టు ముందు చక్రం దూరంగా చాచుకొని ఉండాలని ఒక యువకుడు కోరవచ్చు. ఫోర్కు వాలు పెంచితే బండి తిన్నని దారిలో నిలకడగా పోతుంది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు మాత్రం బరువుగా తోస్తుంది. కోల్‌కతా–చెన్నై జాతీయ రహదారి మీద సుఖంగా సాగే బండి, డెల్టాలో కాలువ గట్ల మీది ఇరుకు మలుపుల్లో నడిపేవాణ్ణి ఇబ్బంది పెట్టవచ్చు. ఎంత వాలు పెంచాలి, ఏ రేకును ఎక్కడ కోయాలి, ఏ అతుకు ఎంత బరువు మోస్తుంది అనే వివేకం లేతు దగ్గర, వెల్డింగు మంట దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన చేతిది. ఇనుము ఎవరి ఇచ్ఛకూ లొంగదు. దాని స్వభావం ఎరిగినవాడికి సహకరిస్తుంది. కాబట్టి కస్టమ్ బండిలో స్వేచ్ఛ యజమానిదైతే, స్వాతంత్ర్యంలో అధిక భాగం మెకానిక్‌ది.

కర్త, ప్రేరకుడు

పాణిని కర్తను స్వతంత్రుడుగా నిర్వచించాడు. ఆ వెంటనే, కర్తను పనికి పురికొల్పేవాడిని హేతువుగానూ, కర్తగానూ చెప్పాడు. అంటే చేసేవాడూ చేయించేవాడూ ఇద్దరూ కర్తలే. మరొకరు పురికొల్పగా పనిచేసేవాడు స్వతంత్రుడు ఎలా అవుతాడన్న సందేహాన్ని వ్యాకరణ సంప్రదాయం ప్రాచీనకాలంలోనే చర్చించింది. ప్రేరణ పొందినవాడు కూడా తన సమ్మతితోనే క్రియకు పూనుకొంటాడు; చేయను అనే అవకాశం అతనికి ఉన్నంతవరకు అతని స్వాతంత్ర్యం నశించదు.

తెలుగు ప్రేరణార్థక వాక్యం ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపుతుంది. "మెకానిక్ చేత బండి మోడిఫై చేయించాను" అన్న వాక్యంలో ఇద్దరూ ఉన్నారు. నిత్యవ్యవహారంలో వినిపించేది "బండి మోడిఫై చేయించాను" అన్నంతవరకే. తృతీయా విభక్తితో పాటు చేసినవాడు కూడా వాక్యంలోంచి తొలగిపోతాడు. వ్యాకరణం అనుమతించే ఈ లోపం సమాజంలో అలవాటుగా స్థిరపడినప్పుడు అది నైతిక ప్రశ్న అవుతుంది.

ఈ సంస్కృతికి ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చిన చిత్రం 1969 నాటి 'ఈజీ రైడర్'. స్వేచ్ఛను వెదుక్కుంటూ సాగే ఇద్దరు యువకుల కథ అది. అందులోని ప్రసిద్ధమైన మోటారుసైకిళ్ల రూపకల్పనలో, నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి అమెరికన్లకు దశాబ్దాల పాటు తగిన గుర్తింపు దక్కలేదు. స్వేచ్ఛకు చిహ్నంగా నిలిచిన బండి చరిత్రలోనే దాన్ని చేసినవారి పేర్లు మరుగునపడ్డాయి.

ముద్ర

తెలుగు సాహిత్యం ఈ సమస్యను మరో విధంగా పరిష్కరించుకొంది. కావ్యానికి కృతిభర్త ఉంటాడు. ధనమిచ్చి, ఆదరించి, రాయించేవాడు అతడే. అయినా ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరు చెప్పుకొంటాడు. కృష్ణా జిల్లా మొవ్వకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన క్షేత్రయ్య పదాలు మువ్వగోపాల ముద్రతో గుర్తుపట్టగలుగుతున్నాం. పోషకుడి గౌరవానికి భంగం కలగకుండానే కర్త నిలిచాడు.

ఆటోనగర్‌లోనూ ఇటువంటి సంప్రదాయం ఉంది. బాడీ కట్టి రంగులు వేసిన లారీ మీద ఒక మూల పెయింటరు పేరు కనిపించడం దారిన పోయేవారికి పరిచితమే. మోటారుసైకిలుకు ఆ మర్యాద అరుదు. హైదరాబాదులోని ఐమోర్ కస్టమ్స్, జైపూరులోని రాజపుతానా కస్టమ్స్ వంటి సంస్థల విషయంలో సంస్థ పేరే ముద్రగా పనిచేస్తుంది. చిన్న షెడ్డులో పనిచేసే మెకానిక్‌కు అటువంటి పేరు లేదు. అతని నైపుణ్యం బండితో పాటు ఊరంతా తిరుగుతుంది. కీర్తి మాత్రం నడిపేవాడి దగ్గర ఆగిపోతుంది.

బాధ్యత

అనామకత్వం వల్ల నష్టపోయేది కీర్తి ఒక్కటే కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఈ నిబంధనలు యజమానినే ఉద్దేశించి రాసినవి. మార్పు విషయంలో చట్టం కూడా చేయించినవాడినే కర్తగా చూస్తున్నదన్నమాట.

సైలెన్సరు లోపలి అడ్డు తొలగించి వీధి దద్దరిల్లేలా చేయమని అడిగిన సందర్భంలో దీని పర్యవసానం తెలుస్తుంది. ఆ చప్పుడు ఒకరి స్వేచ్ఛ. నిద్రిస్తున్న పసిబిడ్డకూ, రోగికీ అది పీడ. పేరు లేని మెకానిక్‌కు ఆ పని చేసిపెట్టడం తేలిక, ఎందుకంటే ఫలితం తనకు అంటదు. అదే బండి మీద అతని ముద్ర ఉంటే, ఆ చప్పుడు అతని పనిగా లోకానికి వినిపిస్తుంది. అప్పుడు "ఇది చేయను" అనడానికి అతనికి కారణం ఉంటుంది. నిరాకరిస్తే గిరాకీ పోతుందన్న భయం ఉన్నచోట ఆ మాట అనడం సులభం కాదన్నదీ వాస్తవమే. అందుచేత ముద్ర వేసే హక్కు మెకానిక్‌కు దక్కడం ఎంత అవసరమో, అతని నిరాకరణను మన్నించే సంస్కారం యజమానికి అలవడడం కూడా అంతే అవసరం.

ముగింపు

శిల్పం చేసేవాడు దాని ద్వారా తన్ను తాను సంస్కరించుకొంటాడన్న భావన ఐతరేయ బ్రాహ్మణం నాటిది. కస్టమ్ మోటారుసైకిలును కళగా అంగీకరించేవారు ఈ భావనను దాన్ని చేసిన చేతికి కూడా వర్తింపజేయవలసి ఉంటుంది. యజమాని కల్పననూ, అభిరుచినీ, దారి మీద అతడు పొందే ఆనందాన్నీ తక్కువ చేయనవసరం లేదు. ప్రేరకుడు కూడా కర్తే. అయితే అతని స్వేచ్ఛ మరొకరి స్వాతంత్ర్యం మీద ఆధారపడి ఉంది. ఆ రెండోవ్యక్తికి పేరూ, ఫలితంలో భాగమూ, కాదనే హక్కూ లభించినప్పుడే ఈ సంస్కృతి తాను చెప్పుకొనే స్వేచ్ఛకు అర్హమవుతుంది. అందుకు తొలిమెట్టుగా, "ఎవరి చేత చేయించావు?" అన్న ప్రశ్నకు యజమాని గర్వంగా ఒక పేరు చెప్పగలగాలి.