ముఖముపై గాయము – వైద్యుని ధర్మము

ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దలు చెప్పిరి. సంసారములోని చిన్న పొరపొచ్చెములను ఇంటనే సర్దుకొనుట మంచిదే. కాని భార్య ముఖముపై భర్త కొట్టిన దెబ్బను గూడ ఇంటిగుట్టుగా నెంచవలెనా? ఆ గాయమును చూచు వైద్యునికి ఈ ప్రశ్న తప్పదు.

"మెట్లమీద జారిపడితిని" అని ఆమె చెప్పును. జారిపడినవారికి సాధారణముగా ముక్కు, గడ్డము, నుదురు, అరచేతులు దెబ్బతినును. పిడికిలి పోటు తరచుగా కనుగుంటకును, చెంప యెముకకును, దవడకును తగులును. మాటకును గాయమునకును పొంతన కుదరనప్పుడు కంటివైద్యునికైనను, దంతవైద్యునికైనను సంశయము కలుగును. అయితే సంశయము సాక్ష్యము కాదు. ఏ ఒక్క గుర్తును నేరమును నిరూపింపజాలదు.

యెముక నతికించుటతో వైద్యుని పని ముగిసినదని కొందరందురు. వెంటనే పోలీసులకు అప్పగింపవలెనని మరికొందరందురు. మేము ఈ రెంటిని సమ్మతింపజాలము. మొదటి పద్ధతి ఆమెను మరల ఆ చేతికే అప్పగించును. రెండవది ఆమె యిష్టము నడుగనే అడుగదు. ఆ రాత్రి ఆ యింటికి పోవలసినది ఆమెయే కదా! సంశయము కలిగినచోట ఏకాంతమున అడుగవలెనని, ఆమె సమ్మతి లేక పోలీసులకు తెలుపుటను నిర్బంధము చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించినది. చట్టరీత్యా సమాచారము పంపక తప్పనిచో, ఆ సంగతి ముందుగా ఆమెకు చెప్పుట న్యాయము.

అడుగుట వైద్యుని వంతు. నిర్ణయించుట ఆమె వంతు. ఉన్నదున్నట్లు వ్రాయుట మరల వైద్యుని వంతు.

ఈ వ్రాత స్వల్పమైనది కాదు. యెముకయో పన్నో విరుగుట, ముఖము శాశ్వతముగా వికృతమగుట తీవ్రమైన గాయములని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు అట్లే చెప్పుచున్నది. గాయము ఎచట, ఎంత కొలత, ఆమె పలికిన మాట యేమి అని వ్రాసియున్నచో, ఆమె యెన్నడైన న్యాయస్థానము మెట్లెక్కిన నాడు ఆ కాగితము తోడు నిలుచును. 2005 నాటి గృహహింస చట్టము క్రింద, ఆమె కోరినచో ఆసుపత్రి చికిత్స చేసి తీరవలెను. ముందుగా ఫిర్యాదు లేదను కారణమున త్రిప్పి పంపరాదు.

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో కర్ణాటకమున వివాహితలలో నూటికి దాదాపు 44 మంది భర్తవలన హింసకు గురియైనట్లు చెప్పిరి. దేశమంతట హింసకు గురియైన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. తక్కినవారిలో ఎందరో ఏదో యొక వైద్యుని యెదుట మౌనముగా కూర్చుండియుందురు.

రాష్ట్రేతరాంధ్రులకు ఇందు మరియొక చిక్కు గలదు. తెలుగునాటినుండి కోడలిగా వచ్చిన పిల్లకు కన్నడమో, మరాఠీయో, ఒడియాయో రాదు. ఆసుపత్రిలో భర్తయో, అత్తగారో దుబాసి యగుదురు. కొట్టినవాని నోటనే దెబ్బతిన్నదాని మాట వినుట వినుటయే కాదు. అట్టియెడ వైద్యుడు వారిని వెలుపల నుంచి, అన్యులచేత మాట చెప్పించుకొనవలెను. మన సంఘములు రెండు భాషలెరిగి, విన్నది మరియొకచోట పలుకని స్త్రీలను కొందరిని ఇందులకు సిద్ధపరచినచో, ఆమె తన మాటను తానే చెప్పుకొనగలదు.